వదిన బిడ్డను నేను మోసి కన్నాను, ఎల్లుండి వాడి గుండెకు ఆపరేషన్: నేను వెళ్ళాలా, దూరంగా ఉండాలా?

గుంటూరు కోడలు అడిగిన ప్రశ్న

నా వయసు ఇరవై తొమ్మిదేళ్ళు. మాకు ఐదేళ్ళ పాప ఉంది. మా వారి అక్కకు పెళ్ళయి పదమూడేళ్ళు దాటింది. మూడుసార్లు గర్భం నిలవలేదు, నాలుగోసారి రక్తస్రావం ఆగక గర్భసంచి తీసివేశారు. అండాశయాలు బాగానే ఉన్నాయి కాబట్టి సరోగసీ ఒక్కటే దారి అని డాక్టర్లు చెప్పిన రోజున ఇంట్లో ఎవరూ నన్ను నోరు తెరిచి అడగలేదు గానీ, అందరి చూపులూ నా మీదే నిలిచాయి. అయినా ఒప్పుకున్నది నేనే, ఇందులో ఎవరి బలవంతమూ లేదు. మెడికల్ బోర్డు సర్టిఫికెట్టు, మేజిస్ట్రేటు కోర్టు ఉత్తర్వు, నా పేరున మూడేళ్ళ బీమా, ఇవన్నీ పూర్తయ్యాక నిరుడు ఏప్రిల్ మధ్యలో వాళ్ళిద్దరి పిండాన్ని నా గర్భంలో ఉంచారు. పత్రికలవాళ్ళు దీన్ని ‘అద్దె గర్భం’ అని రాస్తారు. ఆ మాట నాకు మొదటి నుంచీ గిట్టదు. మా ఇంట్లో ఎవరు ఎవరికి అద్దె కట్టారు?

తొమ్మిది నెలలూ ఏ ఇబ్బందీ రాలేదు. షుగరు లేదు, బీపీ లేదు. ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూడడానికి తీసిన టిఫా స్కాన్‌లో గుండె నాలుగు గదులూ బాగున్నాయని రాశారు. మా పాప నా పొట్టకు చెవి ఆనించి ‘తమ్ముడు’ అన్నప్పుడల్లా, ‘తమ్ముడు కాదమ్మా, అత్తయ్య బాబు, మన దగ్గర దాచిపెట్టుకుంది’ అని చెప్పేదాన్ని. పక్కింటి పిన్నిగారేమో ‘వయసులో చిన్నవాడైతేనేం, వరసకు బావే కదే’ అని దాన్ని ఏడిపించేవారు.

పోయిన గురువారం సిజేరియన్ చేసి బాబును తీశారు. 2.9 కిలోలున్నాడు, గట్టిగా ఏడ్చాడు. వదిన ఎత్తుకుంటే నేను బల్ల మీద నుంచి చూశాను, నాకు అంతే చాలనిపించింది. నాలుగు గంటలు గడిచాక, నేరేడు పళ్ళు తిన్నవాడిలా బాబు పెదవుల రంగు మారిందని నర్సు గమనించింది. ఆక్సిజన్ పెట్టినా కాలికి తగిలించిన ఆక్సిజన్ మీటరు 70 శాతం దాటలేదు. ఆ రాత్రి పిల్లల గుండె డాక్టరు వచ్చి ఎకో, అంటే గుండె స్కాన్, చేసి, గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాలు ఒకదాని చోట మరొకటి పుట్టాయని, ఆలస్యం చేయకుండా హైదరాబాదు తీసుకువెళ్ళాలని చెప్పారు. తెల్లవారుజామున ఏదో మందు డ్రిప్పులో ఎక్కిస్తూ అంబులెన్సులో బయలుదేరదీశారు. వదిన, అన్నయ్య, అంటే వదిన భర్త, వెంట వెళ్ళారు. వార్డులో నా మంచం పక్కన ఒక్క నిమిషం ఆపారు. గాజుపెట్టెలో వాడి కాలికి కట్టిన పట్టీ మీద ‘బేబీ ఆఫ్’ అని రాసి ఆ పక్కన నా పేరు ఉంది. అది చూసి వదిన ముఖం పక్కకు తిప్పుకుంది. కోపమో, ఏడుపు ఆపుకోవడమో నాకు తెలియలేదు.

ఇవాళ్టికి ఎనిమిదో రోజు. గుండెలో ఏదో బెలూన్ ప్రక్రియ చేశారని, ఎల్లుండి పెద్ద ఆపరేషన్ ఉంటుందని అన్నయ్య మా వారికి రెండు ముక్కల మెసేజ్ పెట్టారు. వదిన నాతో మాట్లాడి నాలుగు రోజులైంది. పదకొండో రోజు పురుటి స్నానం ఎవరికి చేయించాలి, వదినకా, నాకా, అని పెద్దవాళ్ళు తర్జనభర్జన పడుతున్నారు. మా అత్తగారు మాత్రం నిన్న నా ఎదుటే, ‘గ్రహణం పూట కత్తెర పట్టావు, నేను చూశాను’ అన్నారు. నిజమే. సెప్టెంబరు 7న చంద్రగ్రహణం రాత్రి పదకొండు గంటల వేళ మా పాపకు జ్వరం కాస్తుంటే మాత్రల స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించాను. నాకప్పుడు ఆరో నెల. నేను డిగ్రీ దాకా చదువుకున్నాను, అలాంటివి నమ్మను. కానీ రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చినప్పుడు ఆ కత్తెరే కళ్ళ ముందు కనబడుతోంది.

మూడో రోజున పాలు పడ్డాయి. పాలు ఆగిపోవడానికి డిశ్చార్జి రోజున మాత్రలు రాసిచ్చారు, అవి ఫ్రిజ్జు మీద అలాగే ఉన్నాయి. భరించలేనప్పుడు స్టీలు గ్లాసులోకి పిండి సింకులో పారబోస్తున్నాను, తెల్లగా కనబడకుండా కుళాయి తిప్పి మరీ. ఆ పాలు బాబుకు పనికివస్తాయేమోనని అడగడానికి నాకు నోరు రావడం లేదు, అడిగితే నేను తల్లినని చెప్పుకున్నట్టు అవుతుందేమోనని భయం. బ్లడ్ బ్యాంకు వాళ్ళు తల్లి రక్తం శాంపిల్ కావాలంటే వదిన వెళ్ళి ఇచ్చిందని కూడా మా వారి ఫోనులో విన్నాను.

వాడు నా బిడ్డ కాదు, నాకు కావాలని కూడా లేదు. మరి ఇంత దూరంలో కూర్చుని ఉండలేకపోవడం ఏమిటి? నా వల్ల ఏదైనా జరిగిందా? కుట్లతో 270 కిలోమీటర్లు వెళ్ళాలా, లేక పిలిచేదాకా ఆగాలా? ఇలాంటిది దగ్గర నుంచి చూసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.

పిల్లల గుండె ఐసీయూ నర్సు, హైదరాబాదు

అమ్మా, మీ మిగతా ప్రశ్నలకు తర్వాత వస్తాను, ముందు రక్తం సంగతి. ఇది చదివిన వెంటనే మీ వారి చేత ఆసుపత్రికి ఫోను చేయించండి. నవజాత శిశువుకు రక్తం సరిచూసేటప్పుడు తల్లి రక్తం ఎందుకు అడుగుతారంటే, గర్భంలో ఉండగా మాయ ద్వారా తల్లి రక్తంలోని యాంటీబాడీలు బిడ్డ ఒంట్లోకి చేరి కొన్ని వారాలపాటు అక్కడే ఉంటాయి. వాటికి సరిపడని రక్తం ఎక్కిస్తే ప్రమాదం. ఈ బిడ్డ విషయంలో ఆ యాంటీబాడీలు మీవి, మీ వదినగారివి కావు. అండం ఆవిడది అయినంత మాత్రాన ఈ ఒక్క విషయంలో లెక్క మారదు. బిడ్డ రక్తాన్ని కూడా విడిగా పరీక్షిస్తారు కాబట్టి కంగారు పడవలసినది లేదు గానీ, ఇది సరోగసీ కాన్పు అని, మోసిన తల్లి వేరే ఉన్నారని బ్లడ్ బ్యాంకుకు స్పష్టంగా తెలియాలి. ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం మీద పిల్లవాడిని పెట్టినప్పుడు ఆ యంత్రం గొట్టాలు నింపడానికే దాత రక్తం కావాలి, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

కాలి పట్టీ గురించి కూడా ఇప్పుడే చెబుతాను. అక్కడ మీ పేరుతో, ఇక్కడ కేసు షీటులో వదినగారి పేరుతో, శాంపిల్ గొట్టం మీద ఇంకో విధంగా ఉంటే బ్లడ్ బ్యాంకు ఆ సంచి వదలదు, వదలకూడదు కూడా. ఒక పేరు మార్చాలంటే అన్ని చోట్లా ఒకేసారి మార్పించమని మీ అన్నయ్యగారికి చెప్పండి. నా పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆపరేషన్ థియేటరు తలుపు దగ్గర ఆగిపోయిన పిల్లల్లో కొందరు ఆగింది జబ్బు వల్ల కాదు, ఇలాంటి పేర్ల తేడా వల్ల.

ఇక కత్తెర. బిడ్డ గుండె గదులు, వాటి నుంచి వెళ్ళే నాళాలు గర్భం మొదటి ఎనిమిది వారాల్లోనే దాదాపు పూర్తిగా రూపు కడతాయి. ఏప్రిల్ మధ్యలో పిండం ఉంచారంటే మే నెలాఖరుకల్లా ఆ రెండు నాళాలు ఎటు తిరగాలో అటు తిరిగిపోయాయి. సెప్టెంబరు గ్రహణం నాటికి వాడి గుండె మూడు నెలలకు పైగా అలాగే కొట్టుకుంటోంది. తల్లికి ముందు నుంచీ అదుపులో లేని మధుమేహం ఉండటం, తొలి వారాల్లో రుబెల్లా సోకడం వంటివి కొన్ని గుండె లోపాలకు కారణమవుతాయి. అవేవీ మీకు లేవు. ఎక్కువమంది పిల్లల్లో ఇదీ కారణమని చూపడానికి ఏమీ దొరకదు. పుట్టే ప్రతి 1000 మందిలో సుమారు 8 మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది, వాళ్ళ తల్లుల్లో సగం మంది మా ఐసీయూ బయట కూర్చుని మీలాగే ఏదో ఒక కత్తెరను గుర్తు చేసుకుంటూ ఉంటారు.

టిఫాలో ఎందుకు కనబడలేదని మీరు అడగలేదు గానీ, రేపు ఇంట్లో ఎవరో అడుగుతారు. ఈ లోపంలో నాలుగు గదులూ మామూలుగానే ఉంటాయి, కాబట్టి గదులు మాత్రమే చూసి వదిలేస్తే అంతా బాగున్నట్టే కనబడుతుంది. గదుల నుంచి బయలుదేరే నాళాలను వెంబడించి చూడాలి: మామూలు గుండెలో అవి ఒకదానినొకటి దాటి వెళతాయి, ఇక్కడ జంట పట్టాల్లా పక్కపక్కన సాగుతాయి. ఐవీఎఫ్ గర్భాలకు, అంటే మీలా బయట తయారుచేసిన పిండంతో వచ్చిన గర్భాలకు, 20-24 వారాల మధ్య బిడ్డ గుండెకు విడిగా ఫీటల్ ఎకో చేయించమని అందుకే అంటారు. ముందే తెలిసి ఉంటే కాన్పు హైదరాబాదులోనే పెట్టుకునేవాళ్ళు, అంబులెన్సు ప్రయాణం తప్పేది. లోపం మాత్రం తప్పేది కాదు.

వాడికి ఇప్పటివరకు ఏం చేశారో, ఎల్లుండి ఏం చేస్తారో కొంచెం చెబితే మీకు నిద్ర పడుతుందేమో. మంచి రక్తం ఊపిరితిత్తుల చుట్టూ, చెడు రక్తం ఒంటి చుట్టూ విడివిడిగా తిరుగుతున్నాయి. రెండూ కలిసే సందు ఏదో ఒకటి తెరిచి ఉన్నంతసేపే బిడ్డ బతుకుతాడు. పుట్టాక మూసుకుపోయే ఒక నాళాన్ని ఆ డ్రిప్పు మందు తెరిచి ఉంచింది. తర్వాత సన్నటి గొట్టం చివర బెలూన్ ఉబ్బించి పై గదుల మధ్య గోడలో దారి పెద్దది చేశారు. ఎల్లుండి ఆ రెండు పెద్ద నాళాలను కోసి దేని చోట దాన్ని కుడతారు. అందులో కష్టమైన పని పెద్ద నాళాలది కాదు. గుండెకే రక్తం ఇచ్చే కరోనరీ నాళాలు ఈ వయసులో ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి ఉండవు, వాటిని మెలిక పడకుండా కొత్త చోటికి మార్చాలి. దీన్ని 1975లో బ్రెజిల్‌లో అదీబ్ జటేనీ మొదటిసారి విజయవంతంగా చేశారు. ఇప్పుడు అనుభవమున్న కేంద్రాల్లో 100 మందికి 90 మంది కంటే ఎక్కువే బతికి బయటపడుతున్నారు. తొలి రెండు మూడు వారాల్లో చేయడానికి కారణం ఏమిటంటే, ఆలస్యమైతే ఎడమ గది కండరం బలహీనపడి ఒంటికంతటికీ రక్తం నెట్టలేదు. పదో రోజు మంచి సమయమే.

పాల గురించి. దయచేసి ఆ మాత్రలు ఇవాళ వేసుకోకండి. వేసుకున్నాక మనసు మారితే పాలు మళ్ళీ తెప్పించడం కష్టం. బిడ్డ నోటితో తాగలేని రోజుల్లో కూడా ముర్రుపాలు, తొలి పాలు దూది పుల్లతో బుగ్గల లోపల రాస్తాం, ఆ తర్వాత గొట్టం ద్వారా రెండేసి, మూడేసి మిల్లీలీటర్లతో మొదలుపెడతాం. గుండె పిల్లలకు పేగుల ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది కాబట్టి తల్లిపాలు దొరికితే మాకు సగం బరువు దిగినట్టే. అయితే మీరు చట్టప్రకారం తల్లి కారు గనుక కొన్ని ఐసీయూలు మీ పాలను దాత పాలుగానే చూస్తాయి. తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం, మీ రక్తపరీక్షల కాగితాలు అడుగుతాయి. ఆ పరీక్షలన్నీ మీకు గర్భంలో ఉండగానే జరిగి ఉంటాయి. ఒప్పుకుంటే, శుభ్రంగా మరిగించి ఆరబెట్టిన సీసాల్లో, రోజుకు ఎనిమిదిసార్లు, తేదీ, సమయం రాసి పెట్టండి. ఫ్రిజ్జులో నాలుగు రోజులు, ఐసు ప్యాకులున్న పెట్టెలో ఒక రోజు నిలవ ఉంటాయి. ఒప్పుకోకపోతే నిలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి తల్లిపాల బ్యాంకు ఉంది, సింకు కంటే అది మేలు. ఇంకొక్క మాట: ఆపరేషన్ తర్వాత కొందరు పిల్లలకు ఛాతీలో పాల వంటి ద్రవం చేరుతుంది, అప్పుడు కొన్ని వారాలపాటు తల్లిపాలు ఆపి ప్రత్యేకమైన పాలపొడి ఇస్తారు. అలా జరిగితే మీ పాలను కాదన్నారని మనసు కష్టపెట్టుకోకండి.

వెళ్ళాలా వద్దా అన్నది నేను చెప్పలేను. వెళితే మాత్రం ఇది తెలిసి వెళ్ళండి: ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో పిల్లలు ఉబ్బి ఉంటారు, కొందరికి ఛాతీని వెంటనే మూయకుండా ఒకటి రెండు రోజులు పైన పల్చటి పొర మాత్రమే అంటించి ఉంచుతారు, ఎనిమిది తొమ్మిది గొట్టాలు ఉంటాయి. మొదటిసారి చూసిన తండ్రులు గోడ పట్టుకుని కూర్చుండిపోవడం నాకు అలవాటే.

ఖమ్మం అమ్మ

మా అబ్బాయికి ఇదే ఆపరేషన్ 2011లో పన్నెండో రోజున, ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద జరిగింది. ఇప్పుడు హైస్కూల్లో కబడ్డీ ఆడతానని గొడవ చేస్తున్నాడు. నాకు సరోగసీ గురించి తెలియదు, మీ వదిన కూర్చున్న కుర్చీ మాత్రం తెలుసు.

ఆ వారం రోజులు నేను మా అమ్మతో కూడా మాట్లాడలేదు. ఫోను మోగితే ముట్టుకునేదాన్ని కాదు. అందరూ ‘ఎలా ఉన్నాడు’ అని అడుగుతారు, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అవతల ఉన్నది తొమ్మిది నెలలు మోసి ఇచ్చిన మనిషి అయితే ఇంకా ఎలా మాట్లాడగలను? ‘నువ్వు ఇంత చేసి ఇస్తే నేను వారం రోజులు కాపాడుకోలేకపోయాను’ అన్నట్టుగా ఉంటుంది. మీ వదిన పట్టీ చూసి ముఖం తిప్పుకోవడం కోపమని నేను అనుకోను. పదమూడేళ్ళు ఎదురుచూసిన మనిషి, బిడ్డ కాలి మీద తన పేరు లేకుండానే వాణ్ణి థియేటరుకు పంపుతోంది.

అత్తగారి మాటకు వస్తాను. నా విషయంలో అది బొప్పాయి. మా అత్తగారికి నేను కోడలిని, కాబట్టి ఎదుటే అనేశారు. మీ అత్తగారి ఇబ్బంది మరొకటి: ఇక్కడ తల్లి ఆవిడ కన్నకూతురు. కూతుర్ని అనలేదు, అల్లుణ్ణి అసలే అనలేదు, దేవుణ్ణి అనడానికి భయం. మిగిలింది మీరు. ఇది ఆవిడను సమర్థించడం కాదు, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతున్నాను, అంతే. గర్భం ఎనిమిది వారాల సంగతి నర్సుగారు రాసినది మీ వారి చేత ఆవిడకు చదివించండి. మీరు చదివి వినిపిస్తే వాదన అవుతుంది.

నా సలహా అయితే, ఆపరేషన్ ముందు వెళ్ళకండి. పాల గురించి మాత్రం వదినకు ఒక మెసేజ్ పెట్టండి. జవాబు చెప్పవలసిన ప్రశ్న అందులో ఉండకూడదు: ‘పాలు దాచి ఉంచుతున్నాను, కావాలంటే పంపుతాను, లేకపోతే ఏమీ అనుకోను’, అంతే.

ఉప్పల్ నుంచి ఒక అక్క

పైన రాసిన చెల్లెలి మాటతో నేను ఏకీభవించడం లేదు, అందుకే రాస్తున్నాను.

నేను 2013లో సరోగసీ డబ్బుకే చేశాను, దాచుకోవడానికేమీ లేదు. అప్పట్లో అది నేరం కాదు. మమ్మల్ని కాన్పు దాకా ఒక హాస్టల్లో ఉంచేవారు. నాతో పాటు పదకొండు మంది ఉండేవాళ్ళం, అందరికీ ఒకే రంగు నైటీలు. నాకు కవలలు పుట్టారు. ఒకరికి ఊపిరి అందడం లేదని పిల్లల ఐసీయూకు తీసుకుపోయారని గది ఊడ్చే ఆయా చెబితే తెలిసింది. నేను అడిగాను. ‘నీకెందుకమ్మా, నీ పని అయిపోయింది’ అన్నారు, మర్యాదగానే అన్నారు. ఆరో రోజు డబ్బు లెక్క చూసి పంపించేశారు. తొమ్మిదో రోజున నా కుట్లు చీము పట్టి జ్వరం వచ్చింది, ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ పిల్ల బతికిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆడపిల్ల అని మాత్రం తెలుసు, అది కూడా ఆయా చెప్పిందే.

ఆ డబ్బుతో మా అబ్బాయిల ఫీజులు కట్టాను, రేకుల ఇంటికి స్లాబు వేయించాను. దాని గురించి నాకు పశ్చాత్తాపం లేదు. తెలియకపోవడం ఒక్కటే మిగిలిపోయింది. అది బిడ్డ మీద ఆశ కాదు, తల్లీ. మోసిన బరువు ఎక్కడ దించామో చూసుకోవాలనిపించడం.

మీకు అడగగలిగిన బంధుత్వం ఉంది. వాడికి మీరు మేనమామ భార్య, అత్త అవుతారు. ఏ ఇంట్లోనైనా మేనల్లుడికి గుండె ఆపరేషన్ అయితే అత్త ఆసుపత్రికి వెళ్ళదా? మీ వదిన పిలవలేదంటే, పచ్చి బాలింతను అంత దూరం రమ్మని ఏ నోటితో పిలుస్తుంది? పిలుపు కోసం మీరు, అడగలేక ఆవిడ, ఇలా ఇద్దరూ కూర్చుంటే ఎల్లుండి గడిచిపోతుంది. లోపలికి వెళ్ళి చూడమని నేను అనడం లేదు. ఆ వరండాలో కూర్చోండి. అయితే కుట్లు ఒకసారి డాక్టరుకు చూపించుకుని, దారిలో గంటకోసారి బండి ఆపించుకుని మరీ వెళ్ళండి. అందరి కళ్ళూ బాబు మీదే ఉంటాయి గనుక మీ జ్వరం మీరే చూసుకోవాలి.

విజయవాడ న్యాయవాది

చట్టానికి సంబంధించి కొద్ది మాటలు చెబుతాను. సరోగసీ నియంత్రణ చట్టం, 2021 అమలులోకి వచ్చింది 2022 జనవరి 25న. దాని ప్రకారం ఈ బిడ్డ మీ వదినగారికి, వారి భర్తకు కన్నబిడ్డ కిందే లెక్క. గర్భానికి ముందే వారు తెచ్చుకున్న మేజిస్ట్రేటు ఉత్తర్వే బిడ్డ పుట్టాక జనన ధ్రువీకరణకు ఆధారం. కాబట్టి శస్త్రచికిత్స అంగీకార పత్రాల మీద సంతకాలు చేయవలసినది వారిద్దరే. ‘తల్లి’ అన్న గడిలో మీరు ఎక్కడా సంతకం చేయవద్దు. రక్త నమూనా, పాల విషయంలో అడిగితే ‘సరోగేట్’ అని స్పష్టంగా రాసి చేయండి. ఉత్తర్వు నకలు వారి వెంట ఉండాలి, నర్సుగారు చెప్పిన పేర్ల తేడాను సరిచేయడానికి అదే పనికివస్తుంది.

పుట్టుకతో లోపం ఉందన్న కారణంతో బిడ్డను వదిలివేయడం ఆ చట్టంలో నేరం, పదేళ్ళ వరకు జైలు శిక్ష, పది లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. మీ ఇంట్లో అలాంటి ఆలోచనే లేదని మీ రాతలోనే తెలుస్తోంది. ఇది చదివే మరొకరికి పనికివస్తుందని చెప్పాను. మీ పేరున ఉన్న 36 నెలల బీమా కాన్పు తర్వాత వచ్చే ఇబ్బందులకు కూడా వర్తించాలి. కుట్లకు జ్వరం వచ్చినా, మనసు బాగాలేక డాక్టరును కలవవలసి వచ్చినా బిల్లులు దాచండి.

గుంటూరు కోడలు, పన్నెండు రోజుల తర్వాత

అందరికీ నమస్కారం. ఇంతకాలం రాయలేకపోయినందుకు క్షమించండి.

నర్సుగారి సమాధానం చదివిన పది నిమిషాల్లో మా వారు ఫోను చేశారు. బ్లడ్ బ్యాంకు వాళ్ళు నా శాంపిల్ కావాలనే అన్నారు. గుంటూరులో తీయించి పంపవచ్చునని కూడా చెప్పారు గానీ, నేనే వస్తానన్నాను. నిజం చెప్పాలంటే నాకు ఒక వంక దొరికింది. పొట్టకు, సీటు బెల్టుకు మధ్య దిండు పెట్టుకుని, నాలుగు చోట్ల ఆగుతూ చీకటి పడేలోగా చేరాం. వదిన వరండాలో కుర్చీల వరసలో చివర కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, ‘కుట్లు లాగుతున్నాయా’ అని అడిగి, పక్క కుర్చీ మీది సంచులు తీసేసి నా కాళ్ళు పైకి పెట్టించింది. ఆ రాత్రి మేం మాట్లాడుకున్నది అంతే. పాల సంగతి మరునాడు ఉదయం తనే అడిగింది, ఖమ్మం అమ్మగారు చెప్పిన మెసేజ్ నేను అప్పటికే పంపి ఉన్నాను.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. ఛాతీ రెండో రోజున మూశారు, ఐదో రోజున వెంటిలేటరు తీశారు. లోపలికి తల్లిదండ్రులను మాత్రమే, అదీ ఒకరి తర్వాత ఒకరిని పంపుతున్నారు. మూడో రోజు సాయంత్రం వదిన డ్యూటీ నర్సును అడిగి తన వంతులో నన్ను పంపింది. రెండు నిమిషాలు ఉన్నాను. కాలికి కొత్త పట్టీ ఉంది, దాని మీద వదిన పేరు. అది చూడగానే హాయిగా అనిపించింది, అదే క్షణంలో ఎక్కడో చురుక్కుమంది కూడా. ఉప్పల్ అక్కా, మీరు రాసిన మాట ఆ రెండు నిమిషాల్లో నాకు గుర్తొచ్చింది.

అత్తగారు ఆ కత్తెర మాట వెనక్కి తీసుకోలేదు. మా వారు నర్సుగారి సమాధానం చదివి వినిపిస్తే మొత్తం విని, ‘సరే’ అని లోపలికి వెళ్ళారట. మరునాడు తెలిసినవారి చేత వెల్లుల్లి కారం, నెయ్యి, మెత్తటి అన్నం క్యారేజీలో పంపించారు. దాన్ని ఏమనుకోవాలో ఆలోచించకుండా తినేశాను. పురుటి స్నానం గొడవ దానంతటదే సద్దుమణిగింది. ఆ రోజు మేమిద్దరం ఆసుపత్రి దగ్గరి లాడ్జిలోనే తలస్నానాలు చేశాం.

ఇప్పుడు బాబుకు రెండు గంటలకోసారి గొట్టంతో 15 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. నేను గుంటూరు వచ్చేశాను, మా వారు రెండు రోజులకోసారి ఐసు పెట్టెలో పంపిస్తున్నారు. మా పాప సీసాలు లెక్కపెడుతోంది. ఎంతకాలం ఇవ్వాలన్నది వదిన, నేను ఇంకా మాట్లాడుకోలేదు. నెల నిండేదాకా అని నేను మనసులో అనుకున్నాను గానీ, నాకే నమ్మకం లేదు.

నర్సుగారూ, ఒక సందేహం. నిన్నటి పెట్టెలోని రెండు సీసాల మీద తేదీ చెరిగిపోయింది. సోమవారంవి అయి ఉంటాయని నేను అనుకుంటున్నాను, మంచి పాలే. పంపవచ్చునా?

పిల్లల గుండె ఐసీయూ నర్సు, హైదరాబాదు

పంపకండి, ఆ రెండూ పారబోయండి. ఐసులో తడిస్తే పెన్ను సిరా నిలవదు. మార్కరుతో రాసి, పైన వెడల్పాటి సెలోటేపు అంటించండి.